హెల్ప్‌మీట్ అను మాట – సాటియైన సహాయము

చదువవలసిన వాక్యభాగము: ఆదికాండము 2:18–25



ఈ నెల పాఠము ఒక ఇంగ్లీషు మాటను గూర్చినది. పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొని ఈ పత్రిక విప్పువారికి ఇంగ్లీషు మాటతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. పని కలదు. ఆ మాట మనకు తెలియకుండనే మన పెండ్లి ప్రసంగములలోనికి వచ్చి కూర్చున్నది. దానిని మనము నోట పలుకకున్నను దాని అర్థము మన ఇండ్లలో తిరుగుచున్నది. ఆ మాట హెల్ప్‌మీట్. ఇంగ్లీషువారు సహితము ఇప్పుడు దీనిని అరుదుగా వాడుదురు. పాతబడిన మాట యని నిఘంటువులు చెప్పును.

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో బుధవారమునాడు పెండ్లి జరిగెను. ప్రసంగము చేయుట మా వంతు. పందిరి నిండ జనము. పట్టణమునుండి వచ్చిన చదువుకొన్న బంధువులు ముందు వరుసలో నుండిరి. వారి ముందర మాకును కొంత చదువు కలదని చూపవలెనను ఆశ పుట్టెను. ఆదికాండము రెండవ అధ్యాయము చదివి, "భార్యను ఇంగ్లీషులో హెల్ప్‌మీట్ అందురు, అనగా సహాయకురాలు, భర్త చేయు పనికి చేయి అందించునది" అని చెప్పితిమి. అందరు తల లూపిరి. భోజనముల తరువాత ఇద్దరు ముగ్గురు మంచి ప్రసంగమనిరి. మేము సంతోషముగా ఇంటికి వచ్చితిమి.

తరువాతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఒక వృద్ధ సహోదరి గుమ్మమునొద్ద నిలిచి యుండెను. కూలిపని చేసి బిడ్డలను పెంచిన తల్లి. చదువు రాదు. ఆమె చెప్పిన మాటలు మాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నవి.

"అయ్యగారూ, నిన్న సంతలో మా ఇంటాయన పాడిగేదెను అమ్మేశాడు. దూడప్పటినుంచి దానికి గడ్డి కోసి పెట్టింది నేను. నన్నొక్క మాట అడగలేదు. ఎందుకడగలేదంటే, 'నువ్వు సాయానికే గదా, మొన్న పెళ్లిలో అయ్యగారు చెప్పలా' అన్నాడు. రాత్రి మా మనవరాలి చేత ఆ వాక్యం చదివించుకున్నాను. అందులో సాయం అన్న మాటకు ముందు ఇంకో మాట ఉందండీ. దాన్ని మీరు చెప్పలేదు."

"ఏ మాట అమ్మా?" అని అడిగితిమి.

"సాటి," అనెను.

మాకు నోట మాట రాలేదు. ఆమె అనినది నిజమే. మన తెలుగు బైబిలులో ఆ వచనమున నున్నది 'సహాయము' మాత్రమే కాదు, 'సాటియైన సహాయము'. దేవుని వాక్యమునందున్న రెండు మాటలలో ఒకదానిని విడిచి, రెండవదానిని చెప్పితిమి. ఆ విడిచిన మాట ఒక ఇంటిలో గేదె ధర అయ్యెను. ఆ రాత్రి ఇంటికి వచ్చి పుస్తకములు విప్పితిమి. అక్కడ కనుగొనినదే ఈ పాఠము.

హెల్ప్‌మీట్ అనునది నిజముగా ఒక మాట కాదు. అవి రెండు మాటలు. హెల్ప్ అనగా సహాయము. ఇది అందరికి తెలిసినదే. రెండవదియైన మీట్ అనునదే చిక్కు. ఇంగ్లీషులో మీట్ అని వినబడు మాటలు మూడు కలవు. ఒకటి కలిసికొనుట. ఒకటి మాంసము. మూడవది యిప్పుడు వాడుకనుండి దాదాపు తొలగిపోయినది. దానికి 'తగిన, సరిపోయిన, యుక్తమైన' అని అర్థము. ఇది చాల పాత మాట. కొలుచుట అను అర్థముగల మాటకును దీనికిని ఒకటే వేరు. ఒకే కొలత గలది, కొలతకు సరిగా సరిపోవునది అని దాని మొదటి భావము. వడ్రంగి తలుపు చేసి ద్వారబంధములో నిలిపినప్పుడు అది పట్టకయు వదులుకాకయు నిలిచినయెడల, ఆ తలుపు ఆ ద్వారమునకు మీట్ అని ఆనాటి ఇంగ్లీషువాడు చెప్పును.

ఇంగ్లీషు పాత బైబిలులో ఈ మూడవ మీట్ అనేక చోట్ల కలదు. బాప్తిస్మమిచ్చు యోహాను మారుమనస్సుకు తగిన ఫలములను గూర్చి చెప్పిన చోట (మత్తయి 3:8) ఆ 'తగిన' అనుదానికి ఇంగ్లీషులో మీట్ అని యున్నది. కనాను స్త్రీతో ప్రభువు పిల్లల రొట్టెను గూర్చి మాటలాడినప్పుడు (మత్తయి 15:26) మన బైబిలులో 'యుక్తము' అనియు ఇంగ్లీషులో మీట్ అనియు ఉన్నది. తప్పిపోయిన కుమారుని తండ్రి పెద్ద కుమారునితో చెప్పిన మాటలోను (లూకా 15:32) అట్లే. ఆంగ్లికన్ సంఘముల పాత ప్రార్థన పుస్తకములో ప్రభువు బల్లయొద్ద సంఘమంతయు కలిసి చెప్పు ప్రత్యుత్తరములో సహితము ఈ మాటయే యున్నది. కాబట్టి ఆ కాలమున ఇంగ్లీషు సంఘమునకు వెళ్లిన సామాన్యునికి ఇది క్రొత్త మాట కాదు.

ఇప్పుడు ఆ వచనము ఇంగ్లీషులోనికి ఎట్లు వచ్చెనో చూతము. విలియం టిండేలు 1530లో మోషే గ్రంథములను హెబ్రీ భాషనుండి ఇంగ్లీషునకు త్రిప్పి అచ్చు వేయించెను. ఇంగ్లీషు బైబిలు కొరకు ప్రాణము పెట్టినవాడాయన. 1536లో ఆయనను చంపి దేహమును కాల్చివేసిరి. ఈ చోట ఆయన 'అతనికి తోడుగా నుండు సహాయకుడు' అను భావము వచ్చునట్లు వ్రాసెను. 1560లో జెనీవా పట్టణములో తలదాచుకొనిన ఇంగ్లీషు భక్తులు తమ బైబిలును ప్రచురించినప్పుడు 'అతనికి తగిన ఒక సహాయము' అని వ్రాసిరి. 'తగిన' అనుటకు మీట్ అను మాట వాడినది వారే. 1611లో జేమ్సు రాజు ఆజ్ఞచేత సిద్ధమైన బైబిలు ఆ మాటలనే ఉంచుకొనెను. ఆదికాండము చూచిన పండితుల గుంపునకు లాన్సెలాట్ ఆండ్రూస్ అను ఆయన పెద్దగా నుండెను. వారు చేసినది మంచి తర్జుమాయే. తప్పు వారిది కాదు. వారు హెల్ప్ అను మాటను వేరుగా, మీట్ అను మాటను వేరుగా వ్రాసి, తరువాత 'అతనికి' అను మాట చేర్చిరి.

తప్పు చెవిది. ఆ దినములలో అనేకులు బైబిలును చదివినవారు కారు, విన్నవారు. వినుచున్నప్పుడు రెండు మాటల మధ్యనున్న ఖాళీ చెవికి కనబడదు గదా. మన భాషలోను ఈ తంటా కలదు. పెండ్లి పందిరికి కట్టు మావిడాకులను ఎవడైన తప్పుగా విరిచి పలికినయెడల 'మా విడాకులు' అగును! పిల్లలు దీనిని చెప్పుకొని నవ్వుదురు. ఇంగ్లీషువారికి జరిగినది నవ్వులాట కాదు గాని విధము మాత్రము అదియే. ఈ మీట్ అను మాట వాడుకలో పలుచబడిన కొలది, వినువారు హెల్ప్ అను మాటను మీట్ అను మాటను కలిపి ఒకే నామముగా ఎంచిరి. 'తగిన సహాయము' అనుటకు బదులు అదేదో ఒక విధమైన మనిషికి పేరు అనుకొనిరి. 1673లో అచ్చయిన జాన్ డ్రైడెన్ కవి నాటకములో ఆ రెండు మాటల నడుమ ఒక చిన్న గీత పెట్టి జతచేసి యున్నది. తరువాత ఆ గీతయు పోయెను. హెల్ప్‌మీట్ పుట్టెను.

కథ అంతటితో ఆగలేదు. అతికిన మాటలో మీట్ అనగా ఏమో ఎవరికిని తెలియలేదు. తెలియని దానిని తెలిసిన దానివలె దిద్దుట మనుష్యుల అలవాటు. మేట్ అను మరియొక మాట కలదు. దానికి జతకాడు, తోడివాడు అని అర్థము. పదునెనిమిదవ శతాబ్దపు ఆరంభమున హెల్ప్‌మీట్‌ను హెల్ప్‌మేట్ అని మార్చి వ్రాయసాగిరి. ఇది తప్పుమీద తప్పు. అయితే వింతయేమనగా, ఈ రెండవ తప్పు మొదటి తప్పుకంటె సత్యమునకు కొంచెము దగ్గరకు వచ్చినది! తోడు అను భావము దానిలో తిరిగి చేరినది. త్రోవ తప్పినవాడు మరల త్రోవ తప్పి తన ఊరి పొలిమేరకు చేరినట్లున్నది.

మాటలు అతికినంత మాత్రమున ఏమి నష్టమని తోచవచ్చును. నష్టమిది. రెండు మాటలుగా నున్నప్పుడు 'తగిన' అనునది నిలిచి యుండెను. ఎవనికి తగిన, ఏ కొలతకు తగిన అని అడుగుటకు చోటుండెను. ఒకటిగా అతికినప్పుడు 'తగిన' అనునది మ్రింగబడెను. చెవికి మిగిలినది హెల్ప్ ఒక్కటే. సహాయము అనగానే మన మనస్సు పెద్దవానిప్రక్క నిలువబడిన చిన్నవానిని చూచును. తాపీమేస్త్రీకి సున్నము అందించు కుర్రవానిని చూచును. పందొమ్మిదవ శతాబ్దములో ఇంగ్లాండు, అమెరికా దేశముల భక్తి గ్రంథములలోను మరణ వార్తలలోను ఈ మాట మెండుగా కనబడును. నమ్మకమైన హెల్ప్‌మీట్ అనగా భర్త పనికి అడ్డము రాక, వెనుక నిలిచి, ఇల్లు చూచుకొనిన భార్య యని అర్థము. ప్రేమతోనే వ్రాసిరి, అందు సందేహము లేదు. కాని 'సాటి' అనునది అందులో లేదు.

అయితే ఆ రెండు మాటలను సరిగా విన్నవారును కొందరు ఉండిరి. ఇంగ్లాండులో క్వేకరులు అను స్నేహితుల సమాజమును మొదలుపెట్టిన జార్జి ఫాక్సు (1624–1691) స్త్రీలు తమ కూటములను తామే జరుపుకొనవచ్చునని వాదించెను. చాలమంది ఎదిరించిరి. అప్పుడాయన ఈ వచనమునే ఎత్తి, పాపము రాకముందు పురుషుడును స్త్రీయును ఇరువురు దేవుని స్వరూపమందు ఒకరికొకరు తగిన సహాయములై యుండిరని చెప్పెను. చూడుడి, ఆయన దానిని స్త్రీకి మాత్రమే పేరుగా పెట్టలేదు. బహువచనములో ఇద్దరికిని పెట్టెను. ఆయన చెప్పిన సమస్తమును మనము ఒప్పుకొననక్కరలేదు. ఈ చోట మాత్రము ఆయన చెవి మంచిదని మేము తలంచుచున్నాము.

ఇంగ్లీషును ఇక్కడ విడిచి, మోషే వ్రాసిన హెబ్రీ భాషకు పోదము. అక్కడను రెండు మాటలే యున్నవి: ఏజెర్, కెనెగ్దో.

ఏజెర్ అనగా సహాయము. ఈ మాట పాత నిబంధనలో ఇంచుమించు ఇరువది చోట్ల కలదు. రెండు చోట్ల మన వాక్యభాగములోనే, స్త్రీని గూర్చి. మరి కొన్ని చోట్ల యుద్ధమునకు వచ్చు మనుష్యుల సహాయమును గూర్చి. యూదావారు ఐగుప్తును నమ్ముకొని మోసపోయిన సంగతి యెషయా 30:5లో చూడుడి. మిగిలిన చోట్లన్నియు, అనగా ఎక్కువ భాగము, ఎవరిని గూర్చి యనుకొందురు? దేవుని గూర్చియే. మోషే తన రెండవ కుమారునికి ఎలీయెజెరు అని పేరు పెట్టెను (నిర్గమ 18:4). నా దేవుడే సహాయము అని దాని భావము. ఫరో కత్తినుండి తప్పించినవాడాయనే గనుక. సమూయేలు నిలిపిన ఎబెనెజెరు రాయి (1 సమూయేలు 7:12) సహాయపు రాయి. మన ఊళ్లలో ఎబెనెజెరు అని పేరు పెట్టుకొనినవారు ఎందరో యున్నారు. తమ పేరులో హవ్వకు పెట్టిన మాట దాగియున్నదని వారిలో ఎందరికి తెలియును? కొండలతట్టు కన్నులెత్తిన కీర్తనకారుడు (కీర్తన 121) ఎదురుచూచిన సహాయము ఇదే. 33వ కీర్తనలో (20వ వచనము) ఈ సహాయము కేడెముతో జతగా చెప్పబడినది.

కాబట్టి సహాయము చేయుట తక్కువవాని పని యని చెప్పుటకు వీలులేదు. అట్లు చెప్పినయెడల దేవుడు ఇశ్రాయేలునకు తక్కువవాడగును. ఈ మాట చేయి అందించు కుర్రవానిని గూర్చినది కాదు. మునుగుచున్నవానిని గట్టునకు లాగు చేతిని గూర్చినది.

ఇక్కడ ఒకరు ఎదురు ప్రశ్న వేయవచ్చును: అట్లయితే స్త్రీ పురుషునికంటె పైది కావలెనా? ఆ ప్రశ్నకు జవాబుగా రెండవ మాట వచ్చుచున్నది. కెనెగ్దో అనుదానిలో మూడు ముక్కలున్నవి. మొదటిది 'వలె' అనియు, నడిమిది 'ఎదుట' అనియు, చివరిది 'అతని' అనియు భావమిచ్చును. అనగా అతని ఎదుట నిలువదగిన, అతనికి సరిజోడైన అని అర్థము. వెనుక కాదు, క్రింద కాదు, పైన కాదు, ఎదురుగా. కన్నులో కన్ను పెట్టి చూడగల యెత్తున. కొన్ని ఇంగ్లీషు బైబిళ్ల అడుగున 'అతనికి బదులు పలుకు' అను భావము కూడ చూపిరి. అది మాకు ఇష్టమైనది. అతడు పిలిచినప్పుడు ప్రతిధ్వని కాదు, ఒక బదులు రావలెను.

మోషే ఈ సంగతిని చెప్పిన వరుసను గమనించుడి. 18వ వచనములో దేవుడు సాటియైన సహాయమును చేయుదుననుకొనెను. వెంటనే స్త్రీని చేసెనా? లేదు. జంతువులను, పక్షులను ఆదామునొద్దకు రప్పించెను. అతడు వాటికన్నిటికి పేర్లు పెట్టెను. ఆ తరువాతనే అతనికి సాటియైన సహాయము దొరకలేదని 20వ వచనము చెప్పుచున్నది. ఎందుకీ వరుస? రైతుబిడ్డలకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సహాయము మాత్రమే కావలసియుంటే ఎద్దు చాలదా? ఎద్దు దున్నును, బండి లాగును, కళ్లము త్రొక్కును; ఎదురు మాట పలుకదు. గాడిద బరువు మోయును. కుక్క కావలి కాయును. ఆదాము ఎదుట సహాయములు వరుసగా నిలిచియుండెను. సహాయమునకు కొదువ లేదు, సాటికి కొదువ. భార్య సహాయమునకే గదా యని చెప్పు భర్త, తెలియక, 20వ వచనములోనే ఆగిపోయినాడు. ఆదాము అక్కడ ఆగలేదు. 23వ వచనములో, ఆమెను చూడగానే, అతని నోటినుండి మనకు వ్రాయబడిన మొదటి మాటలు వెడలెను. అవి పని చెప్పు మాటలు కావు. తన యెముకయు తన మాంసమునైన దానిని చూచి ఆనందించిన మాటలు. అక్కడనే హెబ్రీ భాషలో పురుషునికిని స్త్రీకిని ఒకే ధ్వనిగల పేర్లున్నవి. మన తెలుగు తర్జుమాదారులు నరుడు, నారి అని వ్రాసి ఆ ధ్వనిని చక్కగా నిలిపిరి. అన్ని భాషలకు ఈ భాగ్యము దొరకదు.

'సాటియైన' అను తెలుగు మాట కూడ అట్టిదే. సాటిలేనివాడు అందుము, సాటి మనుష్యుడు అందుము. ఒకరితో ఒకరిని సరిచూచి చెప్పు మాట యిది. పెండ్లి సంబంధము చూచువారు ఈడుజోడు చూతురు. కాడికి ఎద్దులను కట్టువాడు ఒక ఎత్తైనదానిని ఒక పొట్టిదానిని కట్టడు. కట్టినయెడల కాడి ఒక ప్రక్కకు వాలును, చాలు వంకర పోవును, పొట్టిదాని మెడ పుండగును. ఇంగ్లీషు మాట రెండు మూడు వందల సంవత్సరములు త్రోవ తప్పి తిరిగినది. ఇంగ్లీషువారే దానిని దిద్దుకొనిరి: 1952లో వెలువడిన బైబిలులో 'అతనికి తగిన సహాయకుడు' అని విడదీసి వ్రాసిరి, 1989లో మరల దిద్ది 'అతని జతదారుగా ఒక సహాయకుడు' అనిరి. మన చేతనున్న తెలుగు బైబిలు ఆ త్రోవ తప్పనేలేదు. అట్టి సొమ్మును ఇంటిలో ఉంచుకొని మేము పొరుగువాని చిరిగిన మాటను అరువు తెచ్చి పెండ్లిలో చూపించితిమి.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయము ఏమయ్యెనని సంఘపెద్దలు అడుగుదురు. అడుగవలసినదే. 22వ వచనము చదువువారు దానికి ముందున్న 21వ వచనమునుండి చదువవలెనని మా మనవి. అక్కడ ఒకనికొకడు లోబడుమని అందరికి చెప్పబడినది. 25వ వచనములో భర్తకు ఇచ్చిన కొలత క్రీస్తు సిలువయే. ఆ కొలతకు నిలువగలవాడు భార్యను అడుగక గేదెను అమ్మునా? పేతురు మరియొక మాట చెప్పెను (1 పేతురు 3:7). జీవమను కృపావరములో భార్యలు భర్తలతో 'పాలివారు' అని మన బైబిలు. ఈ మాటను పట్టణపువారు చదివి దాటిపోవచ్చును. పొలముగట్టు తగవులు చూచిన మనకు పాలివాడనగా ఎవరో బాగుగా తెలియును. పాలివాని చేవ్రాలు లేక భూమి అమ్ముడుపోదు.

అబ్రాహామును శారా యజమానుడని పిలిచినదని చెప్పువారు, దేవుడే అబ్రాహాముతో శారా చెప్పిన మాట వినుమనిన సంగతిని (ఆదికాండము 21:12) కూడ చెప్పవలెను. రెండును ఒకే యింటివి.

మన దేశమునకు సువార్త తెచ్చిన దొరల కాలములోను ఈ అతికిన మాట నీడ కనబడును. ఆనాటి మిషను నివేదికలలో దొరసానుల స్వంత పేరు తరచుగా ఉండదు. భర్త పేరు వ్రాసి, ప్రక్కను ఆయన భార్య యని వ్రాయుదురు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద తెలుగువారికొరకు ప్రార్థించిన అయిదుగురి కథ మనలో చాలమందికి తెలియును. లైమన్ జూవెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఆ అయిదుగురిలో ముగ్గురు స్త్రీలని ఎప్పుడైన లెక్కించితిమా? దొరసానిగారి పేరు యుఫీమియా అని మనలో ఎందరికి తెలియును? ఆ కొండ ఎక్కినప్పుడు ఆమె వెనుక నిలిచి చేయి అందించుటకు మాత్రమే ఎక్కలేదు. మోకాళ్లూని ప్రార్థించుటకు ఎక్కెను.

ఇంతయు చదివిన తరువాత మేము ఆ వృద్ధ సహోదరి ఇంటికి పోక తప్పలేదు. ఒక సాయంకాలము వెళ్లితిమి. భర్త గడపలో మంచముమీద కూర్చుండి యుండెను. కుటుంబ ప్రార్థన పెట్టి, ఆదికాండము రెండవ అధ్యాయమును ఎద్దులు గాడిదలతో సహా చదివి, "అన్నా, పెండ్లిలో మేము చెప్పినది సగమే. మిగిలిన సగము ఇది" అని చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకలేదు. పిమ్మట, "అయితే గేదె సంగతి మీ తప్పా, నా తప్పా అయ్యగారూ?" అని అడిగెను.

"ఇద్దరిదీ" అంటిమి.

ఆమె ఏమియు అనక లోపలికి పోయి మాకు మజ్జిగ తెచ్చి యిచ్చెను. పొరుగింటి మజ్జిగ.

గేదె తిరిగి రాలేదు. కొనినవాడు దూరపు ఊరివాడు. అయితే పంటలు వచ్చిన తరువాత ఒక శనివారము మేము సంత ప్రక్కగా పోవుచుండగా ఆ యిద్దరిని చూచితిమి. ఆయన పలుపు చేతపట్టుకొని ప్రక్కకు నిలిచి యుండెను. ఆమె గేదె పొదుగు తడిమి, పండ్లు చూచి, బేరగానితో ధర తెంచుచుండెను. మమ్మును చూచి, "ఉండండి అయ్యగారూ, ఇంకో అయిదువందలు దిగాలి వీడు" అనెను.